ప్యాంటు సైజు 34, నడుము 38

మేనకోడలి పెళ్ళికని ప్యాంటు గుడ్డ తీసుకొని కర్నూలు వన్ టౌన్‌లో మా పాత టైలర్ భాయ్ దగ్గరకు పోయినాను. మెడలో టేపు, చెవి మీద పెన్సిలు. ఇరవై ఏళ్ళుగా ఆయన అడిగే మొదటి మాట ఒకటే: "ప్యాంటు యాడ కట్టుకుంటావన్నా, బొడ్డు మీదనా, కడుపు కిందనా?" నా జవాబూ ఒకటే, కడుపు కిందనే. అక్కడే టేపు చుట్టి "ముప్పై నాలుగు" అన్నాడు. పుస్తకం తిరగేస్తే 2012లో నా పేరు పక్కన కూడా 34 అనే ఉంది. పన్నెండేళ్ళకు పైగా నడుము అంగుళం కదల్లేదని ఎవరికైనా ముచ్చటేస్తుంది. ఊరికే తమాషాకి "పైన బొడ్డు దగ్గర కూడా ఒకసారి చుట్టు భాయ్" అన్నాను. 38 వచ్చింది.

ఇన్నేళ్ళూ నడుము పెరుగుతానే ఉంది. దానికి దారి ఇస్తా ప్యాంటు కిందికి దిగుతానే ఉంది. మన మగవాళ్ళలో చాలామంది "నా సైజు మారలేదు" అని ధీమాగా ఉండేది ఈ దిగిపోయిన ప్యాంటును చూసుకునే.

ఈ ధీమా ఎంత మోసమో మా ఇంట్లో అంతకుముందే తెలిసింది. పెళ్ళికూతురి తండ్రి, అంటే మా బావ, ఆదోనిలో ఎరువుల అంగడి పెట్టుకొని ఉన్నాడు. పొద్దున తొమ్మిదికి గల్లా ముందు కూర్చుంటే రాత్రి తొమ్మిదికి లేస్తాడు. చూసేవాళ్ళకు లావు మనిషి కాదు. చేతులు సన్నం, కాళ్ళు సన్నం, ముందుకు కొంచెం కడుపు. రెండేళ్ళ కిందట, ఆయనకు 49 ఏళ్ళప్పుడు, ఏదో ఉచిత క్యాంపులో ఎత్తు, బరువు చూసి చీటీ చేతిలో పెట్టినారు: ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 68 కిలోలు, బీఎంఐ 24.1, నార్మల్. ఆ చీటీని అంగట్లో దేవుడి పటం పక్కన పెట్టుకున్నాడు. ఎనిమిది నెలలకు కాలి మీద చిన్న గాయం మానక డాక్టరు దగ్గరకు పోతే పరగడుపు షుగర్ 160 దాటి ఉంది. మా అక్క ఆ చీటీని డాక్టరు బల్ల మీద పెట్టి "నార్మల్ అన్నారు కదా సార్" అని నిలదీసింది. డాక్టరు ఏమీ మాట్లాడకుండా సొరుగులోంచి టేపు తీసినాడు. నడుము 96 సెంటీమీటర్లు.

క్యాంపువాళ్ళు లెక్క తప్పు వేయలేదు. బీఎంఐ అంటే బరువును కిలోల్లో తీసుకొని, మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగించడమే. 68ని 1.68తో ఒకసారి, మళ్ళీ ఒకసారి భాగిస్తే 24.1 వస్తుంది. వాళ్ళ గోడమీది పట్టికలో 18.5 నుంచి 24.9 వరకు నార్మల్ అని ఉంది. తేడా ఎక్కడుందంటే, ఆ పట్టిక మన ఒళ్ళు చూసి రాసింది కాదు. పైగా ఆ లెక్క పుట్టింది కూడా రోగాల కోసం కాదు.

1830లలో బెల్జియంలో అడాల్ఫ్ కెట్లే అని ఒక ఖగోళ శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. నక్షత్రాల కొలతలకు వాడే గణాంకాలను మనుషులకు పెట్టి "సగటు మనిషి" ఎట్లుంటాడో చూడాలని ఆయన తపన. ఎదిగిన మనుషుల్లో బరువు ఎత్తుతో సమానంగా పెరగదని, ఎత్తు వర్గాన్ని పట్టుకొని పెరుగుతుందని ఆయన గమనించినాడు. కొవ్వు గురించి, షుగర్ గురించి ఆయనకు పట్టింపే లేదు. నూట నలభై ఏళ్ళ తర్వాత, 1972లో, అమెరికాలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్ళు, కొన్ని దేశాల నుంచి ఏడు వేలకు పైగా మగవాళ్ళ కొలతలు తీసి, అప్పట్లో వాడుకలో ఉన్న ఎత్తు బరువుల సూత్రాలను పోల్చి చూసినారు. కెట్లే లెక్కే ఉన్నవాటిలో కొంచెం నయమనిపించింది. దానికి బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టింది వాళ్ళే. ఆ కొలతల్లో ఆడవాళ్ళు లేరన్నది గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి.

గీతలు కూడా దేవుడు గీసినవి కావు. 1998 దాకా అమెరికాలో మగవాళ్ళకు అధిక బరువు గీత 27.8 దగ్గర ఉండేది. ఆ ఏడు దాన్ని 25కు దించినారు. రాత్రి నార్మల్‌గా పడుకున్న కోట్లమంది తెల్లారేసరికి అధిక బరువు మనుషులైపోయినారు. ఒక్క గ్రాము పెరక్కుండానే.

అట్లని బీఎంఐని చెత్తబుట్టలో వేయమనడం కూడా నాకు ఒప్పదు. లక్షమందిని ఒకచోట నిలబెట్టి "ఈ జిల్లాలో బరువు సమస్య పెరుగుతోందా, తగ్గుతోందా" అని అడిగితే అది బాగానే చెబుతుంది. కాటా, గోడకు ఒక స్కేలు ఉంటే చాలు. బీఎంఐ 35 దాటిన మనిషికి వేరే కొలతలతో పనే పడకపోవచ్చు. చిక్కంతా మధ్యలో ఉన్నవాళ్ళతోనే, మా బావ లాంటివాళ్ళతో. బరువు ఎంతో అది చెబుతుంది. ఆ బరువులో కండ ఎంత, కొవ్వు ఎంత, కొవ్వు ఉంటే ఎక్కడ ఉందో చెప్పదు. ఆదోని మార్కెట్ యార్డులో పత్తి బోరాలు మోసే హమాలీ, అదే ఎత్తున్న మా బావ, ఇద్దరూ 68 కిలోలే తూగొచ్చు. కాటాకు ఇద్దరూ ఒకటే.

దీనికి లోకమంతా చెప్పుకునే సాక్ష్యం ఒక ఫోటో. పుణె డాక్టరు యాజ్ఞిక్, లండన్ డాక్టరు యుడ్‌కిన్ పక్కపక్కన నిలబడి ఉంటారు. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఇద్దరి బీఎంఐ సరిగ్గా 22.3. ఒంట్లో కొవ్వు కొలిస్తే ఇంగ్లీషు డాక్టరుకు 9.1 శాతం, మన డాక్టరుకు 21.2 శాతం. రెట్టింపు కన్నా ఎక్కువ. చొక్కాలు వేసుకొని నిలబడితే ఎవరూ పోల్చలేరు.

యాజ్ఞిక్ బృందం ఇంకా వెనక్కి పోయి పుణె చుట్టుపక్కల పల్లెల్లో పుట్టిన బిడ్డలను కూడా కొలిచింది. ఇంగ్లండులో సౌతాంప్టన్ బిడ్డలు సగటున మూడున్నర కిలోలు ఉంటే మన పల్లె బిడ్డలు 2.7 కిలోలు. కండ తక్కువ, చేతులూ కాళ్ళూ సన్నం. వీపు మీద చర్మం కింద కొవ్వు మాత్రం దాదాపు వాళ్ళకు సమానంగా ఉంది. సన్నగా కనిపించే కొవ్వు బిడ్డలన్నమాట. మన సన్నపు కాళ్ళూ చేతులూ, ముందుకొచ్చిన కడుపూ గల్లా ముందు కూర్చున్నాకే రాలేదు. కొంత తల్లి కడుపులోనే మొదలైంది.

సరే, కొవ్వు ఎక్కడుంటే ఏమి? ఇక్కడ మా తాతగారింటి జొన్న పాతర గుర్తొస్తుంది నాకు. సీమలో పాత ఇండ్ల ముందు నేలలో లోతుగా తవ్వి, గడ్డి పరిచి, జొన్నలు పోసి మూసేవాళ్ళు. కరువుకు అదే ఆధారం. తొడల్లో, పిరుదుల్లో, చర్మం కింద ఉండే కొవ్వు ఒంటికి అట్లాంటి పాతర. అక్కడ ఉన్నంతకాలం దానివల్ల పెద్ద హాని లేదు. తొడల కొవ్వు కొంత మేలు కూడా చేస్తుంది. మనవాళ్ళ పాతర చిన్నది. అది నిండినాక కూడా బండ్లు వస్తానే ఉంటే జొన్నలు ఎక్కడ పోస్తారు? పడసాలలో, వంటింట్లో, ఆఖరికి మంచం కింద. ఒంట్లో అయితే పేగుల చుట్టూ, కాలేయంలో, క్లోమంలో, కండల్లో.

పేగుల చుట్టూ చేరిన కొవ్వుకు ఒక ప్రత్యేకత ఉంది. అక్కడి రక్తం గుండెకు పోయే ముందు పోర్టల్ సిర గుండా నేరుగా కాలేయంలోకి పోతుంది. అంటే ఆ కొవ్వు కరిగి వదిలే ఆమ్లాలు ముందుగా తాకేది కాలేయాన్నే. కాలేయం ఇన్సులిన్ మాట వినడం మానేస్తుంది. అక్కరలేకపోయినా చక్కెర తయారుచేసి రక్తంలోకి వదులుతుంది, ట్రైగ్లిజరైడ్లు అనే రక్తంలోని కొవ్వును పెంచుతుంది. మనవాళ్ళ రక్తపరీక్ష కాగితాల్లో ట్రైగ్లిజరైడ్లు పైన, మంచి కొలెస్టరాల్ కింద ఉండడం ఎంత మామూలో ల్యాబుల ముందు కూర్చునే వాళ్ళకు తెలుసు. తాగుడు అలవాటు లేని మనిషికి స్కానింగులో ఫ్యాటీ లివర్ అని రావడమూ ఈ దారిలోనే.

అందుకని కాటా ఒక్కటే చాలదు, టేపు కూడా కావాలన్నది ఇప్పుడు పెద్దపెద్ద వైద్య సంఘాలు కూడా ఒప్పుకున్న మాట. 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఆసియావాళ్ళు బీఎంఐ 23 దగ్గరే జాగ్రత్త పడాలన్నారు. 2009లో మన దేశ వైద్యులు కూర్చొని 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం, నడుము మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 అని గీతలు గీసినారు. అంగుళాల్లో దాదాపు ముప్పై అయిదున్నర, ముప్పై ఒకటిన్నర. 2025 జనవరిలో లాన్సెట్ వాళ్ళ కమిషన్ ఒకటి ఇంకో అడుగు ముందుకేసింది. బీఎంఐ ఒక్కదాన్ని చూసి ఎవరినీ స్థూలకాయులని తేల్చొద్దు, నడుము కొలతో, కొవ్వు కొలతో తోడు ఉండాలి, ఆ కొవ్వు అవయవాలను నిజంగా ఇబ్బంది పెడుతోందా అన్నది విడిగా చూడాలి అని. మా బావ 24.1 ఈ దేశపు గీత ప్రకారం నార్మల్ కానే కాదు. 2009 నుంచీ కాదు. క్యాంపు గోడ మీదికి ఆ సంగతి ఎక్కలేదు, అంతే.

టేపు ఎక్కడ పెట్టాలన్నదే అసలు సమస్య. టైలర్ భాయ్ అడిగిన ప్రశ్నకు ప్రపంచ ఆరోగ్య సంస్థ జవాబు: బొడ్డూ కాదు, కడుపు కిందా కాదు. పక్కన చెయ్యి పెట్టి వేళ్ళతో తడిమితే చివరి పక్కటెముక అంచు తగులుతుంది. ఇంకా కిందికి జరిపితే తుంటి ఎముక పైఅంచు తగులుతుంది. ఆ రెంటికీ సరిగ్గా మధ్యన పెన్సిలుతో చిన్న గీత పెట్టుకొని, రెండు పక్కలా, దాని మీదుగా చుట్టాలి. బొడ్డును నమ్ముకుంటే వచ్చే చిక్కేమంటే, కడుపు పెరిగేకొద్దీ అది కూడా కిందికి జారుతుంది. పాదాలు దగ్గరగా పెట్టి నిలబడాలి. టేపు వీపు వైపు జారిపోకుండా నేలకు సమాంతరంగా ఉందేమో ఇంకొకరు చూడాలి. ఊపిరి మామూలుగా వదిలిన తర్వాత చదవాలి. కడుపు లోపలికి లాక్కోవడం మగవాళ్ళందరికీ ఉన్న జబ్బు. నేనూ లాక్కున్నాను, భాయ్ నవ్వినాడు. చర్మానికి ఆనాలి కానీ లోపలికి దిగకూడదు. రెండుసార్లు కొలిచి, సెంటీమీటరు కన్నా ఎక్కువ తేడా వస్తే మళ్ళీ కొలవాలి. పొద్దున్నే, పరగడుపున అయితే మంచిది. ఏళ్ళతరబడి వాడిన గుడ్డ టేపు సాగిపోయి ఉంటుంది, అది మనకు అనుకూలంగా అబద్ధం చెబుతుంది.

మొలతాడు బిగుతయిందా లేదా అని చూసుకునే పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. మొలతాడు కూడా ప్యాంటు లాగే కడుపు కిందికి జారే సరుకు. లంగా నాడా గుర్తు కూడా అంతే, ఎక్కడ కట్టుకుంటే అక్కడే పడుతుంది.

నడుము కొలతను ఒంటరిగా చదవడం ఒక పద్ధతి. పిరుదుల కొలతతో భాగించడం ఇంకొకటి. టైలర్లు సీటు అనేది ఇదే, బాగా వెడల్పున్న చోట. మగవాళ్ళకు 0.90, ఆడవాళ్ళకు 0.85 దగ్గర గీత. 52 దేశాల్లో చేసి 2005లో ప్రచురించిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో గుండెపోటును పసిగట్టడంలో బీఎంఐ కన్నా ఈ నిష్పత్తి ఎంతో గట్టిగా నిలిచింది. మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే కూడా 2019–21 విడతలో మొదటిసారి నడుమూ, పిరుదులూ కొలిచింది. దేశంలో నూటికి 57 మంది ఆడవాళ్ళు, 48 మంది మగవాళ్ళు ఈ గీత దాటి ఉన్నారు. ఇంట్లో వాడుకోవడానికి మాత్రం నాకు ఈ నిష్పత్తి అంతగా నచ్చదు. రెండు చోట్ల కొలవాలి, రెండు చోట్లా తప్పు పోవచ్చు. మనిషి చిక్కినప్పుడు నడుమూ సీటూ రెండూ తగ్గితే నిష్పత్తి కదలదు, పడిన కష్టం కనబడదు.

నాకు నచ్చింది మూడోది. నడుము ఎత్తులో సగం దాటకూడదు. ఇంగ్లండులో నైస్ అనే ప్రభుత్వ వైద్య సంస్థ 2022లో దీన్ని మార్గదర్శకాల్లో పెట్టింది. సగం లోపు ఉంటే సరి, 0.5 నుంచి 0.59 అయితే ముప్పు పెరిగినట్టు, 0.6 అయితే ఎక్కువైనట్టు. ఆడ మగ తేడా లేదు, జాతి తేడా లేదు. అంకెలు రానివాళ్ళకు కూడా పనికొస్తుంది. దారం ఉంటే చాలు.

పెళ్ళి ముందురోజు రాత్రి ఆదోనిలో ఇదే జరిగింది. ఆడవాళ్ళంతా కూర్చొని మల్లెపూలు కడుతున్నారు. బావ సంగతి మాటల్లోకి వస్తే, పూల దారం ఉండ నుంచి మా అమ్మ ఎత్తుకు సరిపడా ఒక పోగు తెంపి, సగానికి మడిచి, నడుముకు చుట్టమన్నాను. అమ్మకు కొసలు కలిసినాయి. పిన్నమ్మకు మధ్యలో మూడు వేళ్ళు పట్టేంత సందు మిగిలింది. "ఓళిగలు తిన్నాక కొలిస్తే ఎట్లరా, పొద్దున చూడు" అని దారం విసిరికొట్టింది. పదిహేను నిమిషాల్లో ఇంట్లో అందరి నడుములకూ దారాలే. మా బావది చెప్పనక్కరలేదు: 168లో సగం 84, ఆయన నడుము కనిపెట్టిన రోజు 96, అంటే 0.57.

పిన్నమ్మతో ఒక మెలిక కూడా బయటపడింది. ఆమె ఎత్తు 148. తెల్లారి ఓళిగల సాకు లేకుండా టేపుతో కొలిస్తే నడుము 78. ఆడవాళ్ళ గీత 80 కాబట్టి ఆ లెక్కన ఆమె గట్టెక్కినట్టే. సగం ఎత్తు లెక్కన 74 దాటింది, నిష్పత్తి 0.53, గట్టెక్కనట్టు. పొట్టివాళ్ళకు సగం ఎత్తు గీత మరీ బిగుతని, పొడుగువాళ్ళకు కొంచెం వదులని వాదించేవాళ్ళు ఉన్నారు. నా లెక్క ఏమంటే, రెండు గీతలు గొడవపడితే అది పసుపు దీపం. రక్తపరీక్ష ఒకటి చేయించుకోవడానికి అంతమాత్రం చాలు. భయపడి అన్నం మానేయడానికి చాలదు.

టేపు ఒక్కటే రోగాన్ని తేల్చదు. దాన్ని వేరే ప్రశ్నలతో కలిపితే ఎంత పదునెక్కుతుందో చూపించింది మద్రాసు డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్. 2005లో వాళ్ళు ఇచ్చిన మార్కుల పద్ధతిలో వయసు, నడుము, ఒంటి శ్రమ, తల్లిదండ్రుల షుగర్, ఈ నాలుగే. సూది గుచ్చే పని లేదు. మా బావకు వేసి చూస్తే వయసు 35 నుంచి 49 ఏళ్ళ మధ్య కాబట్టి 20. నడుము 90–99 మధ్య కాబట్టి 10. వ్యాయామం లేదు, కూర్చున్న పని కాబట్టి 30. తల్లికి షుగర్ ఉంది, 10. మొత్తం 70. అరవై దాటితే ముప్పు ఎక్కువ. నార్మల్ చీటీ చేతికొచ్చిన రోజే ఆయనకు 70 మార్కులు ఉన్నాయి, అడిగినవాళ్ళు లేరు.

ఆశా కార్యకర్తలు 30 ఏళ్ళు దాటినవాళ్ళ ఇంటికొచ్చి నింపే కాగితంలో కూడా నడుము కొలతకు మార్కులున్నాయి. అక్కతో ఆ మాట అంటే, "వచ్చింది, మీ బావ అంగట్లో ఉన్నాడు, నేనే ఏదో చెప్పి పంపినా" అంది. నిజం చెప్పాలంటే మన చాలా ఇండ్లలో ఆ కాగితం అట్లే నిండుతుంది. టేపుకు మాత్రం మన పల్లెల్లో కొత్త లేదు. అంగన్‌వాడీలో ఆరు నెలల నుంచి అయిదేళ్ళ లోపు బిడ్డల రెట్టకు రంగుల పట్టీ చుట్టి చూస్తారు కదా. 11.5 సెంటీమీటర్ల లోపయితే ఎరుపు, 12.5 లోపయితే పసుపు. బిడ్డ చిక్కిపోయిందో లేదో ఆ పట్టీ చెబుతుంది, వాళ్ళ నాయన కడుపు పెరిగిందో లేదో ఈ టేపు చెబుతుంది.

ఎవరికి ఇది పనిచేయదో కూడా చెప్పాలి. గర్భిణులకు పనిచేయదు, కాన్పయిన కొత్తలో కూడా. కాలేయం జబ్బుతో కడుపులో నీరు చేరినవాళ్ళకు పనిచేయదు. పిల్లలకు పెద్దల బీఎంఐ గీతలూ, 90, 80 నడుము గీతలూ పెట్టకూడదు, వాళ్ళకు వయసును బట్టి వేరే పట్టికలున్నాయి. డెబ్బై దాటినవాళ్ళలో వెన్ను వంగి ఎత్తు తగ్గుతుంది, కండ కరుగుతుంది. వాళ్ళకు నడుముతో పాటు పిక్క కొలత కూడా చూడాలి, బలం ముఖ్యం. చర్మం కింది కొవ్వునూ పేగుల చుట్టూ ఉన్నదాన్నీ టేపు విడదీయలేదు, దానికి స్కానింగు కావాలి. జిమ్ముల్లో పాదాలు పెట్టగానే "కొవ్వు 28 శాతం" అని చూపించే కాటాలను నేను పెద్దగా పట్టించుకోను. ఒంట్లోకి సన్నని కరెంటు పంపి నీటి శాతాన్ని బట్టి వేసే అంచనా అది. చెంబెడు నీళ్ళు తాగినా, చెమట పట్టినా మారుతుంది.

కనిపెట్టిన తర్వాత బావ మందులు మొదలుపెట్టినాడు. డాక్టరు చెప్పినట్టు రాత్రి అన్నం తగ్గించి జొన్నరొట్టెకు మారినాడు, పొద్దున అంగడి తీసే ముందు నలభై నిమిషాలు నడక. ఆరు నెలలకు కాటా ఎక్కితే 66.5. "ఇంత నడిచి కిలోన్నరేనా" అని విసుక్కున్నాడు. అక్క టేపు తెచ్చింది. 91. నడకకు ముందుగా కరిగేది తరచుగా లోపలి కొవ్వే, పైగా కొంచెం కండ కూడా చేరితే కాటా సరిగా కదలదు. కడుపు కసరత్తులు చేస్తే కడుపు కొవ్వే కరుగుతుందనే మాట మాత్రం ఉత్తిది. గీత ఇంకా 90 దగ్గరే ఉంది, సగం ఎత్తు 84 ఇంకా దూరం. పరగడుపు షుగర్ మాత్రం 118కి దిగింది.

పెళ్ళికి ప్యాంటు తెచ్చుకోవడానికి పోయినప్పుడు టైలర్ భాయ్ పుస్తకం తెరిచే ఉంది. నా పేరు కింద 34 రాసి, పక్కన చిన్నగా 38 కూడా రాసి కొట్టేసి ఉన్నాడు. ఎందుకు కొట్టేసినావని అడిగితే, "దాంతో నాకేం పని అన్నా, ఆ సైజుకు కుడితే జారిపోతుంది" అన్నాడు.